నల్లబడని ఆయిల్

ఆమె నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట "మీకు బుద్ధుందా?" ఇరవై రెండేళ్లయింది. ఆ తర్వాత అదే ప్రశ్న చాలాసార్లు విన్నాను గానీ, ఆ ఆదివారం ఉదయం విన్నంత తియ్యగా మళ్లీ ఎప్పుడూ వినబడలేదు.

అప్పటికి నేను వాళ్లింటి పై గదిలో అద్దెకు దిగి రెండు వారాలు. కింద ఇంటాయన, ఆయన కూతురు ఉండేవాళ్లు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. కళ్లకి శుక్లాలు రావడంతో గది దాటి బయటికొచ్చేవాడు కాదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్లడానికి ఒక పాత ఆకుపచ్చ కారుండేది. దానికి ఆయిల్ చూడడం, మార్చడం అన్నీ ఆమే చేసుకునేది.

ఆ రోజు కారు గేటు దగ్గర ఏటవాలు మీద, ముక్కు పైకెత్తుకుని నిలబడి ఉంది. బానెట్ తెరిచి పెట్టి, ఆమె గుడ్డముక్క కోసం లోపలికెళ్లింది. సరిగ్గా అప్పుడే నేను మెట్లు దిగాను. అందమైన అమ్మాయికి సాయం చేసే అవకాశం వెతుక్కుంటూ వస్తే కాదనేంత వైరాగ్యం నాకు ఆ వయసులో లేదు. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి చూశాను. ఆయిల్ కింది గీత దాకా కూడా లేదు. పక్కనే కొత్త డబ్బా ఉంది. మూత తీసి లీటరూ పోసేశాను.

ఆమె వచ్చింది. ఖాళీ డబ్బా చూసింది. నన్ను చూసింది.

"మీకు బుద్ధుందా?"

"ఆయిల్ తక్కువుందండీ. నేను చూడబట్టి సరిపోయింది."

"కారు ఎక్కడుంది?"

"ఇక్కడే..."

"ఇక్కడంటే వాలు మీద! ఆయిలంతా వెనక్కి జారిపోతే పుల్లకేం అంటుకుంటుంది? చదునుగా పెట్టి చూడాలని తెలీదా? ఇంతకీ మీరేం ఉద్యోగం చేస్తారు?"

ఆ ప్రశ్న ఆ పూట అడగకుండా ఉండాల్సింది. నా గొంతు నాకే వినబడనంత మెల్లగా చెప్పాను.

"సర్వేయర్నండీ. ఎత్తుపల్లాలు కొలుస్తాను."

ఆమె పెదవి బిగబట్టింది. ఒక్క క్షణమే. తర్వాత బానెట్ పట్టుకుని పడీపడీ నవ్వింది. నా పరువు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం నాకు దక్కింది.

"ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి ఇంజిన్ని పాడుచేస్తుంది, సర్వేయరు గారూ. పోసినవాళ్లే తియ్యాలి. పడుకోండి."

"ఎక్కడ?"

"కారు కింద. పరుపు వెయ్యమంటారా?"

కారుని షెడ్డులో చదునుగా పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండ్లు బిగించింది. నేను దూరాను. ఇంజిన్ అడుగున ఉన్న బోల్టు తిప్పగానే ఆయిల్ నా మోచేతి మీదుగా చొక్కాలోకి నడిచొచ్చింది. ఆ చొక్కా మరి పనికిరాలేదు. అయినా చాలాకాలం దాచుకున్నాను.

ఆ తర్వాత ఆయిల్ ఎప్పుడు మార్చినా నన్ను పిలిచేది. ఇంజిన్ని ఐదు నిమిషాలు నడిపితే ఆయిల్ పలచబడి తేలిగ్గా దిగుతుందని ఆమే నేర్పింది. కొత్త ఫిల్టరు బిగించేముందు దాని రబ్బరు రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాయమనేది. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో తడిమి చూడమనేది. కొత్తది పోసి, ఇంజిన్ ఒకసారి తిప్పి ఆపేశాక పది నిమిషాలు ఆగాలి. అప్పుడే డిప్‌స్టిక్ నిజం చెబుతుంది.

నేను ఆ పది నిమిషాల కోసమే బతికేవాణ్ని. షెడ్డు గుమ్మంలో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఒకసారి జోరున వాన. ఆమె జుట్టు కళ్లలో పడుతోంది. తన చేతులు నల్లగా ఉన్నాయి.

"కాస్త జుట్టు తియ్యరూ?"

నా చేతులూ అంతే. మోచేత్తో తోశాను. ముక్కుకి తగిలింది.

"కొలత తప్పింది," అంది.

మొదట ఐదు నెలలకోసారి మార్చేవాళ్లం. తర్వాత మూడు నెలలైంది. ఆ పైన ఆరు వారాలకే పిలుపొచ్చేది.

"ఇంజిన్ చప్పుడు మారినట్టు లేదూ?"

"బాగా మారిందండీ," అనేవాణ్ని. నాకు రెండు చప్పుళ్లూ ఒకేలా వినబడేవి.

ఇంతలో బదిలీ ఆర్డరొచ్చింది. సోమవారం బయల్దేరాలి. మనసులో మాట చెప్పకుండా వెళ్లిపోతే ఈ జన్మకింతే అని తెలుసు. రోజూ సగం మెట్లు దిగి, వెనక్కి ఎక్కేసేవాణ్ని. ఆదివారం ఆమే పిలిచింది.

"వెళ్లేలోపు ఒకసారి ఆయిల్ మార్చేద్దాం."

కారు కింద పడుకుని, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. చెప్పుల చప్పుడైంది. ఇంటాయన! కంటి ఆపరేషనై పది రోజులు. షెడ్డులోకి రావడం ఆ రోజే మొదలు.

"ఏమ్మా, ట్రేలో కొత్త ఆయిల్ పోశావేంటి?"

"కొత్తది కాదు నాన్నా. ఇప్పుడే తీసింది."

ఆయన వంగి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు.

"తేనెలా ఉంది కదే! ముప్పై ఏళ్లు బస్సుల కింద బతికాను. ఇంత శుభ్రమైన ఆయిల్ తీసేసినవాణ్ని చూడలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"ఆరొందలు."

"ఐదువేలకి మార్చాల్సింది, ఆరొందలకా!"

నాకు కనబడుతున్నవి పాదాలే. ఆమె కాలి వేళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. అది చూసి ఆగలేకపోయాను.

"నేనే మార్చమన్నానండీ," అన్నాను కింద నుంచి.

"ఎవరది?"

"పై గది అబ్బాయినండీ."

"అబద్ధం నాన్నా," అంది ఆమె. "నేనే పిలిచాను. ఆయిల్ మార్చే పని లేకపోతే ఈయన మెట్లు దిగి రారు."

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"రేపు వెళ్లాలండీ. ఈవిణ్ని వదిలి వెళ్లడం నా వల్ల కాదు. మీరు ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను."

"ఇలాంటి మాట కారు కింద పడుకుని చెబుతారా ఎవరైనా? బయటికి రా బాబూ, మొహం చూడనీ."

పాక్కుంటూ వచ్చి నిలబడ్డాను. ఆయన నల్లకళ్లద్దాలు తీసి, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"మసి తప్ప ఏం కనబడట్లేదు. కడుక్కుని లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

ఆయన లోపలికెళ్లాడు. ఆమె గుడ్డతో నా చెంప తుడుస్తూ, నా వంక చూడకుండా అడిగింది.

"ఆ ఊళ్లో ఆసుపత్రి ఉందా?"

"రెండున్నాయి. నర్సులు కావాలట. కనుక్కున్నాను."

"ఎప్పుడు?"

"ఆర్డరు వచ్చిన రోజే."