సముద్రపు పాచికి రాళ్లుప్పు

ఒంటిపూట బడి. మధ్యాన్నం గంట కొట్టేసినారు. ఆ పొద్దు ఆళ్లగడ్డలో ఎండ ఎట్లుండెనంటే, రేకుల మీద కోడి గుడ్డు పెడితే అది ఉడికినాకే కిందికి దొర్లుతాండె.

అంత ఎండలో అందరూ ఇండ్లకు ఉరికినారు. మాబున్నీ మాత్రం పోలే. ఐదో తరగతి గదిలో చిన్నతొట్టి ముందర గొంతుక్కూర్చోని ఉండె.

తొట్టిలో సముద్రపు పాచి. నిన్నటి దాకా పచ్చగా, చిక్కగా, తలెంటికల మాదిరి ఊగుతాండె. ఇయ్యాల దాని కొసలు తెల్లగా పాలిపోయినాయి.

ఆ పాచిని జీవరత్నం టీచరు బాపట్ల నుంచి తెచ్చె. ఊరగాయ పెట్టే గాజుజాడీల్లో సముద్రం నీళ్లు నింపుకోని, రైల్లో నంద్యాలకొచ్చి, ఆన్నుంచి ఎర్రబస్సులో ఒళ్లో పెట్టుకోని తెచ్చె. బస్సు గుంతలో పడినప్పుడల్లా జనాల తలకాయలు టాపుకు తగిలి, టాపు మీద బుడిపెలు లేచె. జాడీలో నీళ్లు మాత్రం చుక్క గూడ ఒలకలే!

పాచితో పాటు ఒక చారల చేప గూడ వచ్చె. చేప పెద్దతొట్టిలో. పాచి దాని పక్కన చిన్నతొట్టిలో, కిటికీ ఎలుగులో. పెద్దతొట్టి నీళ్లు సన్న గొట్టంలో చిన్నతొట్టిలోకి దిగుతాయి. ఆ నీళ్లను పిల్లోళ్లు చెంబుతో ముంచి మళ్లా పెద్దతొట్టిలో పోస్తారు.

"చేప చేసే మురికంతా ఈ పాచి తింటాది. పాచి బతికితేనే చేప బతుకుతాది," అని చెప్పె టీచరు.

ఆయమ్మ ట్రైనింగుకని నంద్యాలకు పోతా, మాబున్నీకీ ఆ పిల్ల నేస్తురాలు లూదియాకీ తొట్లు అప్పజెప్పె. "నీళ్లు తగ్గితే కుండలోని మంచినీళ్లు తొట్లో పొయ్యండి. ఇంకేమీ ఎయ్యొద్దు," అనె.

ఇంటికి పోకుండా కుండ కాడికి పోయిన లూదియా ఇప్పుడు మంచినీళ్ల చెంబు పట్టుకోనొచ్చె. మాబున్నీ చెయ్యి అడ్డం పెట్టె.

"సముద్రానికి చప్పనీళ్లు పోస్తావా? అందుకే ఇది కుళ్లుతాండాది."

"టీచరే చెప్పె గదా మే."

"టీచరుకు ఊరగాయ పెట్టేది వచ్చునా? మాయమ్మను అడుగు పో. ఉప్పు తగ్గితే ఏదైనా కుళ్లుతాది!"

మాబున్నీ వాళ్లమ్మ మదార్‌బీ మామిడికాయ ఊరగాయ కలిపితే, ఆ వాసనకే పక్కింటోళ్లు ఒట్టి అన్నం తినేసి చెయ్యి కడుక్కుంటారు. కాయ మెత్తబడిందంటే మదార్‌బీ ఒకటే మాట చెప్తాది, ఉప్పు చాలలే అని. ఆ మాట ఇనే పెరిగింది మాబున్నీ.

తెల్లారి గౌను జేబులో గుప్పెడు రాళ్లుప్పు తెచ్చె.

"వద్దు మే, ఎయ్యొద్దు," అని లూదియా చెయ్యి పట్టుకునె.

"నీకేం తెలుసు? ఇడువు!"

ఉప్పు తొట్టిలో పడె. పాచి ఇంకా తెల్లబడె. ఉప్పు ఇంకా చాలలేదేమో అనుకోని మాబున్నీ మళ్లా ఏసె. పాచి జిగటగా అయి, అడుక్కు దిగబడె. గదంతా నీచువాసన. చేప నీళ్లపైకొచ్చి నోరు తెరిచి మూస్తాండె.

ఒక పొద్దు పిల్లోళ్లు వచ్చి చూస్తే, చేప పక్కకు వాలి తేలుతాండె.

"ఎవురు చంపినారప్పా దీన్ని?" అనె నతానియేలు. "ఆ లూదియా చప్పనీళ్ల చెంబు తెచ్చింది. ఇంటికి పోతా పోతా కిటికీలోంచి నేను చూసినా!"

లూదియా మాబున్నీ దిక్కు చూసె. మాబున్నీ నేల దిక్కు చూసె.

అంతే. ఆ పొద్దు నుంచి లూదియాకు పేరు పడె, చేపల్ని చంపే పిల్ల అని. చేపను బడి గోడ పక్కన పూడ్చినారు. ఆ పిల్లను ఆటలోకి ఎవురూ పిలవలే. ఆ పిల్ల పోయి అందరికీ ఎనక, కడాకు బెంచీలో ఒక్కతే కూర్చునె.

ఇంట్లో మాబున్నీకి బువ్వ దిగలే. "ఏమ్మే, ఉప్పు తగ్గిందా?" అని అడిగె మదార్‌బీ.  మాబున్నీ బువ్వతట్ట పక్కకు నూకి లేచిపోయె.

ట్రైనింగు అయిపోయి టీచరు వచ్చె. తొట్టిలో ఏలు ముంచి నాలిక్కి రాసుకునె. మొగం చిట్లించె.

"ఎవరేసినారు దీంట్లో ఉప్పు?"

"లూదియానే ఏమో చేసింది టీచర్," అనె నతానియేలు.

టీచరు లూదియాను చూసె.  

మాబున్నీ లేచి నిలబడె. కాళ్లకు రెండు రోళ్లు కట్టినట్లుండె.

"నేనేసినా టీచర్. పాచి కొసలు తెల్లబడితే ఉప్పు చాలలేదనుకుంటి. లూదియా వద్దనె. నేనే ఇన్లే."

"మరి అందరూ ఆ పిల్లను అంటాంటే?"

"నోరు మూసుకోనుంటి."

 టీచరు కొట్టలే, తిట్టలే. కుర్చీలో కూలబడె.

"ఎండకు నీళ్లే ఆవిరైపోతాయి పాపా. ఉప్పు యాడికీ పోదు, ఆన్నే ఉంటాది. అందుకే మంచినీళ్లు పొయ్యమంటి. ఆ కొసలు వేడికి పాలిపోయింటాయి, అంతే."

చేపను బడి గోడ పక్కన పూడ్చినారు. కుళ్లిన పాచంతా ఎతికితే, ఏలంత తునక ఒక్కటి పచ్చగా దొరికె. బాపట్ల నీళ్లు ఒక జాడీలో మిగిలుంటే, టీచరు దాన్ని ఆ నీళ్లలో ఇడిసె.

"ఇది బతుకుతాదో లేదో నాకూ తెల్దు," అనె.

"నాతో మాట్లాడు మే," అని మాబున్నీ బతిమాలె. లూదియా మొగం తిప్పుకునె. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఎండకు జాడీలో నీళ్లు తగ్గె. మధ్యాన్నం గంట కొట్టినాక మాబున్నీ కుండలో మంచినీళ్లు చెంబుతో ముంచుకోనొచ్చె. జాడీ దగ్గరికి పోలే. కడాకు బెంచీ కాడికి పోయి నిలబడె.

"ఎంత పొయ్యాలో నాకు తెల్దు. నువ్వు చెప్పు."

 బయట నతానియేలు వాళ్లు ఆటకు రమ్మని కేకేసినారు. మాబున్నీ పోలే. చెంబు బరువుకు చెయ్యి పీకుతాంటే, ఇంకో చేత్తో పట్టుకోని అట్లనే నిలబడె.

శానాసేపటికి లూదియా లేచె. మాబున్నీ మొగం చూడకుండానే పోయి జాడీ గాజు మీద ఏలు పెట్టె.

"ఈడిదాకా."

మాబున్నీ ఆ ఏలునే చూస్తా, సన్నంగా పోసె.