పసిగట్టు పెట్టె

గేజ్ ముల్లు మళ్ళీ దిగిపోతోంది.

ఇంజన్ నడిపి ఇప్పుడే ఆపారు, ఇంకా వేడిగానే ఉంది. రేడియేటర్ మూత జాగ్రత్తగా తీసి, ఆ చోట గేజ్ ఉన్న చేతిపంపు బిగించి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ తిరిగే దారుల్లోకి గాలి కొట్టి వదిలేశారు. లోపల ఎక్కడా కన్నం లేకపోతే ముల్లు ఉన్నచోటే ఉండాలి. అది దిగుతోంది. కింద పరిచిన పాత పేపర్ల మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

"ఏ మాయలో పోతోందండీ ఈ నీరు?" అంది వీరవేణి, పేపర్లు ఎత్తి వెలుతురులో పెట్టి చూస్తూ. ఆ ఇంజన్ ఉన్న విమానం ఆమెదే. కట్టిందీ, నడిపేదీ ఆమే.

గోదావరి దారి మార్చుకున్నాక లంకలు ఎంత ఒంటరివైపోయాయో తెలియని వాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. వంతెన కట్టడం, వరదకి పోవడం, మళ్ళీ కట్టడం. విసుగెత్తి ప్రభుత్వం ఇంటి దగ్గర విమానాలు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేసింది. నవ్వకండి. వరికోత మెషిన్ విప్పి బిగించే వాళ్ళకి విమానం ఒక లెక్కా? మొగలిలంకలో కొబ్బరికాయలు నిలవచేసే షెడ్లన్నీ విమానాల షెడ్లయిపోయాయి.

అందరూ వాడేది రోటరీ ఇంజనే. అందులో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటర్ ఒక గుల్లలో గిరగిరా తిరుగుతుంది, అంతే. తేలిక, అదురు తక్కువ. చిక్కల్లా దాని కట్టుబడిలో ఉంది. టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా హౌసింగులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి పొడుగు బోల్టులతో బిగిస్తారు. గిన్నెకీ గిన్నెకీ మధ్య రబ్బరు సీళ్ళు. సీలుకి ఒక పక్క కూలెంట్, రెండో పక్క నిప్పు. లోపలి సీలు తెగిందా, కూలెంట్ నిప్పులోకి పోతుంది, బయట చుక్క కూడా పడదు. గాల్లో ఉండగా తెగితే ఇంజన్ ఆగిపోతుంది. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

అలాంటి చావులు కొన్ని జరిగాకే డాక్టర్ కొల్లూరి మార్తాండం గారు పసిగట్టు పెట్టె తయారుచేశారు. నీరు సన్నని సందులోంచి దూరేటప్పుడు మన చెవికి అందని ఈల వేస్తుంది. ఇంజన్‌కి మూడు చోట్ల రంధ్రం పెట్టి, కూలెంట్‌కి తగిలేలా మూడు సూదులు బిగిస్తారు. ఈల ఏ సూదికి ముందు వినబడింది, దేనికి వెనక వినబడింది అన్న తేడాని బట్టి కన్నం ఎక్కడుందో పెట్టె లెక్కగడుతుంది. తెర మీద ఎర్రచుక్క వెలుగుతుంది, ఒక ఆడగొంతు చెబుతుంది కూడా. ఆ పెట్టె లేని విమానం ఎగరడానికి వీల్లేదని రూలు వచ్చింది.

వీరవేణి విమానానికి పెట్టె బిగించినప్పటి నుంచే కూలెంట్ తగ్గడం మొదలైంది. దానికి సాక్షాత్తూ మార్తాండం గారే లంకకి వచ్చి కూర్చున్నారు.

"లోపలి సీలు. రెండో హౌసింగ్," అన్నారాయన తెర చూపిస్తూ.

"మొన్నా అదే చెప్పిందండి. ఇంజన్ విప్పి కొత్త సీళ్ళు వేశాం. అంతకు ముందూ అదే చెప్పింది, అప్పుడూ వేశాం. సీలు పోతే స్టార్ట్ చేయగానే తెల్లపొగ రావాలి కదండీ? కూలెంట్ సీసాలో బుడగలు రావాలి. పొగా లేదు, బుడగా లేదు."

"యంత్రానికి మొహమాటం ఉండదమ్మా. విన్నది చెబుతుంది. మనం సీళ్ళు సరిగ్గా కూర్చోబెట్టి ఉండం."

వీరవేణి చేతిలో స్పానర్ నేలకేసి కొట్టింది. ఆమెని కోప్పడి లాభం లేదు. షెడ్డు మూలన మడతమంచం మీద ఆమె తమ్ముడు తాతారావు పడుకుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఇంజన్ విప్పినప్పుడల్లా ఒక విడత పోయింది. పడవలో పంపుదామంటే వరదకి పడవలు ఆపేశారు. కాళ్ళు ఉబ్బిపోయాయి, మొహం ఉబ్బిపోయింది, పడుకుంటే ఆయాసం. ఇంకొక్క విడత తప్పితే మనిషి దక్కడని ఆస్పత్రి వాళ్ళు ఫోన్‌లో చెప్పేశారు.

అతను తాగే నీళ్ళకీ లెక్కే. రోజుకి ఒక చిన్న సీసా. దాన్ని కూడా దొంగచాటుగా మళ్ళీ నింపుకుంటాడని వీరవేణి అనుమానం. ఎప్పుడూ పట్టుకోలేకపోయింది.

"అక్కా, నీ ఇంజన్ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలీదు, నేను తాగిన నీళ్ళు ఎక్కడికీ పోవు. ఇద్దర్నీ కలిపి బిగించెయ్," అన్నాడు తాతారావు.

"నోర్ముయ్ రా," అంది గానీ ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడోసారి విప్పారు. సీళ్ళు, సూదులు అన్నీ తీసి, తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టారు. బిగింపు అయ్యాక ఎప్పటిలాగే వీరవేణి పసుపు తడిపి ఇంజన్‌కి దట్టంగా రాసింది. సూదుల చుట్టూ ఇంకాస్త ఎక్కువే రాసింది, కొత్త పరికరం కదా అని. ఇంజన్ విప్పిన ప్రతిసారీ అలా రాయందే ఆమెకి చెయ్యి ఆడదు. మార్తాండం గారు దాన్ని ఆక్షేపించలేదు. పైగా మొన్న ఇంజన్ నడిపి చూశాక, మూడో సూది మొదట్లో గుండ్రంగా ఎర్రటి బొట్టు కనబడితే ఆయన లోలోపల మురిసిపోయారు. తన పరికరానికి ఈవిడ కుంకుమ కూడా పెట్టిందే అనుకున్నారు. వీరవేణి అదే బొట్టు చూసి, ఎంత చదువుకున్నా ఈయనకి భక్తి ఉంది, తనే పెట్టుకున్నట్టున్నాడు అనుకుంది. పెట్టిన బొట్టుని ఎవరు తుడుస్తారు? ఒకరినొకరు అడగనూ లేదు.

నడిపి చూసే వ్యవధి లేక, చల్లటి ఇంజన్‌లోకే మళ్ళీ గాలి కొట్టారు. ఈసారి ముల్లు కదల్లేదు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. 'లీకు లేదు' అంది ఆడగొంతు.

"నేనూ వస్తాను," అన్నారు మార్తాండం గారు. "నా పెట్టె మీద నమ్మకం లేకపోతే నేను కూర్చుంటానా చెప్పండి."

ముగ్గురూ ఎక్కారు. కొబ్బరితోటలు దాటగానే కింద గోదావరి కనబడింది. ఎర్రటి నీరు, అందులో దొర్లుకుంటూ పోతున్న చెట్లు. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు.

సగం దూరం పోయాక టెంపరేచర్ ముల్లు లేచింది.

వీరవేణి వేలితో గేజ్ అద్దం కొట్టింది. ముల్లు దిగలేదు, ఇంకా పైకి పోయింది. ఇంజన్ హోరు కేబిన్ అంతా నిండింది. అప్పుడు పచ్చదీపం ఆరి ఎర్రచుక్క వెలిగింది. 'లోపలి సీలు తెగింది. ఇంజన్ వెంటనే ఆపండి. ఇంజన్ వెంటనే ఆపండి.'

తాతారావు అక్క భుజం పట్టుకున్నాడు.

"ఆపితే ఎక్కడ దిగుతామండీ! కింద గోదారి!" అంది వీరవేణి. ఆమె సీటు పక్కన కూలెంట్ నింపే చిన్న చేతిపంపు ఉంది, దానికి ఒక క్యాను నీళ్ళు తగిలించి ఉన్నాయి. "నీళ్ళు కొట్టనా? చెప్పండి డాక్టరు గారూ!"

ఆయన తెర వైపు చూశారు. పెట్టె చెప్పింది నిజమైతే కొట్టిన నీళ్ళన్నీ తిన్నగా నిప్పులోకి పోతాయి, ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పెట్టె చెప్పింది అబద్ధమైతే ఆ నీళ్ళే ప్రాణం. పదేళ్ళు నిద్ర మానుకుని చేసిన పెట్టె అది. ఆయన కిటికీలోంచి మెడ సాచి పొగగొట్టం వైపు చూశారు. తెల్లపొగ లేదు. ఇంకోసారి చూశారు. లేదు. పెట్టె అరుస్తూనే ఉంది.

"నా పెట్టె తప్పు చెబుతోంది," అన్నారాయన. "కొట్టండి నీళ్ళు!"

వీరవేణి ఇంజన్ జోరు తగ్గించి పంపు కొట్టింది. ఇంజన్ ఆగలేదు. ముల్లు ఆగింది, కొద్దిగా దిగింది, మళ్ళీ లేచింది. మళ్ళీ కొట్టింది. విమానం కిందికి జారుతోంది, చెట్ల కొమ్మలు విడివిడిగా కనబడుతున్నాయి. క్యాను గలగలమని ఖాళీ అయింది.

"ఇంకా కావాలి!"

తాతారావు ఒళ్ళో సీసా తీశాడు. "ఇంద అక్కా. ఎలాగూ నాకు తాగే యోగం లేదు." ఆ సీసా పోశాక చొక్కా లోపల్నుంచి ఇంకో సీసా తీశాడు. వీరవేణి దాన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది. తిట్టే వ్యవధి లేదు, అదీ పంపుకి తగిలించింది.

ఆ దొంగసీసా నీళ్ళతోనే ఒడ్డు చేరారు. ఆస్పత్రి వెనక మైదానంలో విమానం దభీమని దిగి ఆగింది. తాతారావుని స్ట్రెచర్ మీద పరుగున తీసుకుపోయారు. లోపల మెషిన్ మొదలుపెట్టారని కబురు వచ్చేదాకా వీరవేణి గుమ్మంలోనే నిలబడింది. వచ్చాక కింద కూలబడి భోరున ఏడ్చింది.

మొహం కడుక్కుని తిరిగి వచ్చేసరికి మార్తాండం గారు ఇంజన్ మీది రేకు మూత విప్పి చూస్తున్నారు. పసుపంతా పసుపుగానే ఉంది. మూడో సూది చుట్టూ మాత్రం ఎర్రగా ఉంది. అక్కడి నుంచి ఎర్రటి చార ఒకటి కింది దాకా జారింది.

"కుంకుమ ఇంత పెట్టారేమిటమ్మా ఈసారి?"

"నేనెక్కడ పెట్టానండీ? నేను పసుపే రాస్తాను. మీరు పెట్టారనుకున్నాను."

మార్తాండం గారు ఆ ఎరుపుని వేలితో తాకి చూశారు. తడిగా ఉంది.

లోహం తుప్పు పట్టకుండా కూలెంట్‌లో క్షారం కలుపుతారు. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, ఆ క్షారం తగిలి పసుపు ఎర్రబడింది. లీకు ఎక్కడో కాదు, లీకు కనిపెట్టే సూది కోసం పెట్టిన రంధ్రంలోనే ఉంది. వచ్చిన కాసింత తడినీ పసుపు పీల్చేసుకుంది, కింద చుక్క పడలేదు. చల్లగా ఉన్నప్పుడు సందు మూసుకునేది, వేడెక్కి అదిరాక తెరుచుకునేది, అప్పుడు పోయిన నీరు ఆవిరైపోయేది.

"సూది తనంతట తాను కాస్త గుయ్యిమంటుంది. అందుకని సూది పక్కనే పుట్టిన శబ్దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని నేనే దానికి నేర్పాను," అన్నారు మార్తాండం గారు విమానం రెక్కకి చేరగిలబడి. "గోడలకి తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టుకుని అది సీలు మీద నింద వేసింది. నేనూ మిమ్మల్నే అన్నాను. మీ తమ్ముణ్ణి చంపేసేవాణ్ణమ్మా." వీరవేణికి కోపం ఉంది, కానీ ఆయనా తమతోపాటు ఆ గోదారి మీద గాల్లోనే ఉన్నాడు కదా.

ఆయన తప్పు ఒప్పుకుని ఊరుకునే మనిషి కాదు. లంక లంకా తిరిగి తన సూదులు తనే పీకించి, రంధ్రాలకి గట్టి బోల్టులు బిగించారు. పైఅధికారులకి ఉన్నదున్నట్టు చెప్పారు. విన్న తనిఖీ అధికారి చాలా మర్యాదగా జవాబిచ్చాడు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్. కమిటీ కూర్చుని రూలు మార్చేదాకా పెట్టె ఉండాల్సిందే. పచ్చదీపం వెలగనిదే నేను ఎగరనివ్వలేను."

సూదికి నీరు తగలకపోతే పచ్చదీపం వెలగదు. దానికి ఉపాయమూ మార్తాండం గారే ఆలోచించి చెప్పారు. కొత్త సూది ఒకటి మరిగే నీళ్ళలో కడిగి, తాతారావు తాగే సీసా మూతకి బిగించారు. వైరు తీసుకెళ్ళి పెట్టెకి కలిపారు. పచ్చదీపం వెలిగింది. అధికారి చూసి తలూపాడు.

వరద తీసింది. తాతారావు ఒళ్ళో సీసా పెట్టుకుని కులాసాగా కూర్చున్నాడు. విమానం కొబ్బరితోటలు దాటింది, ఇంజన్ హాయిగా నడుస్తోంది, పసుపు పసుపుగానే ఉంది. అక్క దృష్టి గేజ్‌ల మీద ఉందని చూసుకుని, తాతారావు చప్పుడు చేయకుండా సీసా మూత తీసి గుక్కెడు తాగాడు.

'లీకు! లీకు! కూలెంట్ తగ్గుతోంది!' అని అరిచింది పెట్టె.

వీరవేణి వెనక్కి తిరక్కుండానే అంది. "ఒరేయ్, ఎక్కేముందే కదరా తాగావు?"

తాతారావు పెట్టె వైపు కోపంగా చూసి సీసా మూత బిగించాడు.

"ఇంజన్‌లో ఒక్కటీ కనిపెట్టలేకపోయింది గానీ, దీని దుంపతెగ, నన్ను మాత్రం పట్టేసింది అక్కా," అన్నాడు.