వాన వెంటబడిన నలుగురు

“ఈ షామియానా ఈడ వేసింది ఎవరు?”

మైకు స్టాండు బిగిస్తున్న మా అబ్బాయి శశికుమార్ తలెత్తి చూశాడు. వ్యవసాయ ఆఫీసు ఆవరణలో, పొద్దున ఎనిమిదిన్నర ఎండలో, చేతిలో కొలత గీతలున్న గాజు గ్లాసుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. కనుబొమలు రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

“నేనే మేడం. రైతుల మీటింగు కదా. ఎండ జాస్తి ఉండాదని కొంచెం ముందుకు లాగినా.”

“లాగినావు సరే. దీని కింద ఏముందో చూసినావా?”

శశి వంగి చూశాడు. షామియానా నీడలో మోకాలెత్తు రేకు డబ్బా ఒకటి ఉంది. మొక్కలకు నీళ్లు పోసే డబ్బా అనుకున్నాడట వాడు.

“ఇది వాన కొలిచే డబ్బా. నిన్న సాయంత్రం వాన పడిందా లేదా?”

“పడింది మేడం. నా వైర్లన్నీ తడిసినాయి.”

“ఎన్ని మిల్లీమీటర్లు?”

“నాకేం తెలుసు?”

“నాకూ తెలీదు. మూడు నెలల్లో అదే మొదటి వాన. అది నీ గుడ్డమీద పడి పక్కకు పోయింది. డబ్బాలో చుక్క లేదు. ఇప్పుడు నేనేం రాయల్ల?”

“పడిందని రాయండి. రాప్తాడు దాకా అందరూ చూసినారు.”

“కొలవకుండా నేను రాయను,” అని ఆ అమ్మాయి పుస్తకంలో సున్నా చుట్టి వెళ్లిపోయింది. ఆమె పేరు సారా.

సాయంత్రం విత్తనాలకు శెనక్కాయలు ఒలుస్తున్న నా దగ్గర కూర్చుని శశి ఇదంతా నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. పెళ్లిళ్లకు, మీటింగులకు మైకుసెట్టు బాడుగకిచ్చి బతికే పిల్లవాడు, సర్కారు వానకు అడ్డం పడితే ఊరుకుంటారా అని ఒలిచేది ఆపేశాను.

“కేసు పెడతారేమోరా,” అన్నాను.

“వానను ఆపితే కేసేందే అక్కమ్మా,” అన్నాడు మా ఆయన లక్ష్మన్న. “అట్లయితే ముందు మబ్బుమీద పెట్టల్ల.”

మరుసటి పొద్దున శశి క్షమాపణ చెప్పడానికి పోయాడు. అక్కడ జరిగిన మాటలన్నీ తర్వాత ఇద్దరూ పోటీపడి చెప్పగా విన్నాను కాబట్టి రాస్తున్నాను.

సారా డబ్బా మూత తీసి చూస్తోంది. శశి జేబులో ఫోను పాడుతూనే ఉంది. ఎవరో వేగంగా మాటలు విసురుతున్నారు, వెనకాల రేకుమీద చినుకులు పడుతున్నట్టు దరువు.

“అదేం పాట? మాటలు ఒక్కటీ తెలీలేదు.”

“జపాన్‌ది మేడం. హిప్ హాప్. బాక్సుల్లో బేసు సరిగ్గా పలుకుతాందా లేదా చూసేదానికి వెతుకుతాంటే దొరికింది. వీళ్లు నలుగురు. గ్రూపు పేరు అమగాసా. అంటే వానగొడుగు.”

“వానగొడుగా?”

“వాళ్లది ఎప్పుడూ వాన పడే ఊరు మేడం. సముద్రం పక్కన. బడి అయినంక నలుగురూ ఒక బస్సు షెల్టర్ కింద నిలబడేవాళ్లంట. బస్సు రాదు. రేకుమీద వాన. ఆ చప్పుడుకు ఒకడు మాటలు కట్టినాడు. వాడు కెంజి. ఇంకొకడు ఆ చప్పుడునే రికార్డు చేసినాడు. వాడు తొరు. ఇప్పుడు మీరు విన్న దరువు అదే.”

సారా పుస్తకం మూయడం మరిచిపోయింది. మూడు నెలలుగా సున్నాలు రాస్తున్న పిల్ల ఆమె. అడిగింది:

“తర్వాత ఏమైంది?”

“తర్వాతిది రేపు చెప్తా మేడం. ఈడ నాకు పని ఉండాది.”

వాడికి ఏ పనీ లేదు.

అప్పటినుంచి రోజూ ఎనిమిదిన్నరకు శశి బండి ఆఫీసు గేటు దగ్గర ఆగేది. సారా డబ్బా తెరిచేది, సున్నా రాసేది. ఆ తర్వాత వేపచెట్టు నీడలో పది నిమిషాలు జపాన్‌లో వాన పడేది.

నలుగురూ మొదటి క్యాసెట్టు సొంతంగా చేసుకుని చేపల మార్కెట్టు ముందర అమ్మారు. రెండో ఆల్బంతో దేశమంతా పేరొచ్చింది. బహిరంగ మైదానాల్లో పెద్ద పెద్ద కచేరీలకు పిలిచారు. అక్కడే చిక్కొచ్చింది. వాళ్లు స్టేజీ ఎక్కితే వాన. టోక్యోలో వాన, ఒసాకాలో వాన. వరసగా ఏడు కచేరీలు తడిసిపోయాయి. కొందరు పోయిన చోటికల్లా వాన వస్తుందని జపాన్‌వాళ్లకు ఒక నమ్మకం. అట్లాంటి మనుషులు వీళ్లని పేరు పడిపోయింది. ఇక ఎవరూ పిలవలేదు.

“పిలవలేదా? వాన తెస్తారని?” అని సారా నోరు తెరిచింది.

“ఔను. జనం టికెట్లు వాపసు ఇచ్చినారంట.”

“మన దగ్గరికి వచ్చింటే ఇండ్లు కట్టిచ్చేవాళ్లు కదప్పా.”

“మా నాయన కూడా అదే అన్నాడు మేడం.”

“మేడం ఏంది పొద్దస్తమానం. సారా అను.”

ఆ రోజు శశి ఇంటికొచ్చి ఒక ఆంప్లిఫయర్ విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. తల్లిని, నాకు తెలియదా? తెలిసినకొద్దీ భయం పట్టుకుంది. సారా నాయన ఇమ్మానుయేల్ గోడలు కట్టే బేల్దారి మేస్త్రీ, చెయ్యి బరువు, మాట అంతకంటే బరువు. వాళ్లు చర్చికి పోతారు, మేం సుంకులమ్మకు మొక్కుతాం. దేవుళ్లు వేరైనా చుట్టరికాలు కలిసేవే. కానీ కూతురికి ధర్మవరం సంబంధం చూస్తున్నాడని విన్నాను. పిల్లవాడు మనసులో మాట చెప్పకముందే ఆ పిల్లను ఎవరో తీసుకుపోతారు, వీడు ఆంప్లిఫయర్లు విప్పుకుంటూ ముసలివాడైపోతాడు అనుకున్నాను.

“చెప్పేయరా,” అన్నాను.

“ఏం చెప్పల్లమ్మా?”

“ఏమో. నీకే తెలుసు.”

“కథ చెప్తాండా కదా,” అన్నాడు వాడు.

ఆ కథ నాకూ అలవాటైపోయింది. సాయంత్రం శెనక్కాయలు ఒలుస్తుంటే వాడు చెప్పేవాడు. కళ్లు మూసుకుంటే ఆ ఊరు కనబడేది. తడి రోడ్డు, దానిమీద దీపాల నీడలు, షెల్టర్ కింద నలుగురు పిల్లలు చేతులు చాపి చినుకులు పట్టుకోవడం. నేను పుట్టి బుద్ధెరిగాక అంత వాన చూడలేదు. ఒక్కోసారి ఒలిచిన గింజలు చేతికి చల్లగా తగిలేవి.

ఐదో ఆల్బం చేసేటప్పుడు కెంజి గొంతు పోయింది. ఆపరేషన్ అన్నారు. తొరు కొండమీద కెంజి ఉన్న ఊరికి పోయి పక్కనే కూర్చుంటే, కెంజి పలకమీద రాసి మాట్లాడుతున్నాడు. అది విన్న రాత్రి నేను నిద్రపోలేదు. ఎవరి బిడ్డో ఏమో, వాళ్లమ్మ ఎట్లా ఉందో.

మంగళవారం సుంకులమ్మ గుడికి టెంకాయ తీసుకుని పోతుంటే బస్టాపులో సారా ఎదురైంది. శశి అమ్మనని గుర్తుపట్టింది.

“మొక్కు టెంకాయా? ఎవరికి బాగలేదమ్మా?”

“కెంజికి సారా. గొంతు ఆపరేషన్ అంట కదా. బాగైతే పదకొండు టెంకాయలు కొడతానని మొక్కుకున్నా.”

సారా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా చేయి పట్టుకుంది. “నువ్వు దిగులు పడొద్దు. సాయంత్రం ఫోనులో చూసి ఎట్లుండాడో నేను చెప్తా,” అంది.

నన్ను ఊరడించాలనే చూసింది ఆ పిల్ల.

మరుసటి పొద్దున డబ్బా మూత తీయకుండానే అడిగింది.

“ఐదో ఆల్బం పేరేమన్నావు?”

శశి చెప్పాడు.

“అట్లాంటిది లేదు. నాలుగుతోనే అయిపోయింది. పదకొండేండ్ల కిందటే విడిపోయినారు. కెంజికి ఏ ఆపరేషనూ లేదు.”

శశి బండి తాళం తీసి చేతిలో తిప్పాడు.

“చూడల్లనుకుంటే మొదటి పొద్దే చూసేదాన్ని. ఫోను నా దగ్గర కూడా ఉండాది. నువ్వు చెప్తాంటే వినల్లని చూడలే. నువ్వేమో నన్ను పిచ్చిదాన్ని చేసినావు.”

“తప్పయింది మేడం,” అన్నాడు మావాడు. అంతే అన్నాడు. బండెక్కి ఇంటికొచ్చేశాడు.

మళ్లీ మేడం అన్నందుకే ఎక్కువ కోపం వచ్చిందని సారా తర్వాత చెప్పింది.

గురువారం పోలేదు. శుక్రవారం పోలేదు. ఎనిమిదిన్నరయ్యేసరికి గోడ గడియారం వైపు చూసి, తల తిప్పుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ధర్మవరం వాళ్లు పిల్లను చూసుకోను వస్తున్నారని కబురు తెలిసింది. ఇదంతా నా టెంకాయ వల్ల అయింది. శనివారం పొద్దున వాణ్ణి బండి తియ్యమన్నాను.

“యాడికమ్మా?”

“ముందు తియ్.”

గేటు దగ్గర వాడు దిగనన్నాడు. నేనొక్కదాన్నే లోపలికి పోయాను. సారా గ్లాసు తుడుస్తోంది.

“నీ కొడుకు అబద్ధం ఎందుకు చెప్పినాడమ్మా?” అంది నన్ను చూడగానే.

“నేను చెప్తే నువ్వు నమ్మవు, తల్లి కదా వెనకేసుకొస్తాదంటావు. గేటు బయట ఉండాడు. తిట్టల్లనుకుంటే వాన్నే తిట్టు.”

సారా గేటుదాకా పోయింది. “దిగు,” అంది.

వాడు దిగాడు. చాలాసేపు చెప్పు కొనతో మట్టి గీరాడు. తర్వాత చెప్పాడు.

“నాలుగో ఆల్బంతో కథ అయిపోయింది సారా. ఆ పొద్దే చెప్పేద్దామని వచ్చినా. నువ్వు ‘రేపేమైతాది’ అని అడిగినావు. ఏమీ కాదు, అయిపోయిందంటే రేపు నేను ఈడికి ఎందుకు రావల్ల? అందుకే వాళ్లతో ఇంకో ఆల్బం చేయించినా. పద్దెనిమిది పొద్దులు చేయించినా.”

“కెంజి గొంతెందుకు తీసేసినావు? మీయమ్మ గుడికి పోయింది.”

“పాట కట్టేది నాకు రాదు కదా. పాట లేకుండా కథ నడవల్లంటే గొంతు పోవల్ల.”

సారా పెదాలు బిగించింది. నవ్వో కోపమో నాకర్థం కాలేదు. ఊరి బయటి గాలిమరల వైపునుంచి చల్లగాలి తెర ఒకటి వచ్చి, ఆమె చున్నీ వాడి చేతికి తగిలి వెళ్లిపోయింది. ఇద్దరూ కదల్లేదు.

“నేను రోజూ సున్నా రాస్తా,” అంది సారా మెల్లగా. “రైతులు వచ్చి పుస్తకంలోకి తొంగి చూస్తారు. రెండు మిల్లీమీటర్లని రాద్దామా, వాళ్ల మొగాలు వెలిగేది చూద్దామా అనిపిస్తాది. అయినా సున్నానే రాస్తా. నాకు ఉన్నది ఉన్నట్లు చెప్పే మనిషి కావల్ల.”

“ఉన్నది చెప్తాండా. నువ్వంటే నాకిష్టం. షామియానా కింద తిట్టినప్పటినుంచి ఇష్టం. ధర్మవరం వాళ్లు వస్తాండారని తెలిసి మూడు పొద్దులుగా అన్నం తినలే.”

“రెండు పూటలు తిన్నాడు,” అన్నాను నేను. అబద్ధం మళ్లీ పట్టుబడుతుందని భయమేసింది.

అప్పుడు నవ్వింది సారా. “రేపు చర్చి అయినంక పన్నెండుకు మా ఇంటికి రాండి. మా నాయనకు చెప్పు. ఒక్క ముక్క కల్పించినా నేను బయటికి రాను.”

ఆదివారం పన్నెండుకు ఇమ్మానుయేల్ ఇంటి వరండాలో నలుగురం కూర్చున్నాం. సారాను చేసుకుంటానని శశి వచ్చీరాగానే చెప్పేశాడు. మా ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. నేను చెమట తుడుచుకుంటున్నాను. ఇమ్మానుయేల్ మా శశిని పైనుంచి కిందికి, సిమెంటు గోడకు వంకరుందేమోనని తూకపుగుండు దారం పట్టి చూసినట్టు చూశాడు.

“నా బిడ్డకు పొద్దున్నే కథలు చెప్తావంట. ఏం కథలప్పా అవి? నాకూ చెప్పు.”

శశి మొదలుపెట్టాడు. బస్సు షెల్టర్, రేకుమీద చినుకులు, చేపల మార్కెట్టు. ఇమ్మానుయేల్ ముందు గోడకేసి చూస్తూ విన్నాడు. ఏడు కచేరీల దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. టీ చల్లారిపోయింది.

“ఆఖరుది హాల్లో పెట్టుకున్నారు,” అన్నాడు శశి. “పైకప్పు ఉంటే వాన ఏం చేస్తాదిలే అని.”

“స్లాబు కారిందా?” అన్నాడు ఇమ్మానుయేల్.

“కారలేదు. ఒక్క చుక్క పడలేదు. బ్రహ్మాండంగా పాడినారు. అయిపోయి తలుపు తీస్తే బయట కుండపోత. జనమంతా తడుసుకుంటా నిలబడి చప్పట్లు కొట్టినారంట. అదే ఆఖరు. విడిపోయినారు.”

ఇమ్మానుయేల్ వరండా పైకప్పు వైపు చూశాడు.

“తర్వాత ఏమైనారు? ఆ కెంజి, తొరు? ఇప్పుడు యాడున్నారు?”

నేను చెమట తుడుచుకునేది ఆపాను. తలుపు వెనక సారా గాజులు కూడా ఆగాయి. ఏదో ఒకటి చెప్తే ఆ పెద్దమనిషి సంతోషపడతాడు. పడవల పని చేస్తున్నారనో, పెళ్లిళ్లయి పిల్లలున్నారనో. వీడికి చెప్పడం చేతకాక కాదు. పద్దెనిమిది పొద్దులు చెప్పినవాడు.

“తెలీదు మామా,” అన్నాడు శశి.

ఇమ్మానుయేల్ కనుబొమ లేచింది.

“ఎంత వెతికినా దొరకలే. ఎవరూ రాయలే. యాడో ఒక చోట బాగుండల్లని అనుకుంటా, అంతే.”

గడియారం ఒంటిగంటకు దగ్గరగా ఉంది. ఇమ్మానుయేల్ జేబులోంచి ఫోను తీసి, కళ్లకు దూరంగా పెట్టుకుని, ఒక్కో అంకె నొక్కాడు.

“అన్నా, ఇమ్మానుయేల్‌ను. బస్సెక్కినారా? ఇంకా లేదు కదా. ఎక్కొద్దండి అన్నా. ఏమనుకోవద్దండి. పిల్లకు ఈడనే కుదిరింది.”

ఫోను పెట్టేసి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

లోపలినుంచి సారా వేడి టీ గ్లాసులతో వచ్చింది. శశికి ఇచ్చేటప్పుడు వాడి మొహం చూడలేదు. ఆ చూడకపోవడమే వరండా అంతా నిండిపోయింది. నా దగ్గరికి వచ్చి పక్కనే చాపమీద కూర్చుంది. గ్లాసు నా చేతిలో పెట్టి, పైన తన చెయ్యి అట్లాగే ఉంచింది.

“తాగు అత్తా,” అంది.