రెండో ఊఁ

మా అత్తమ్మకూ నాకూ పొద్దంతా పడేది కాదు. కూరలో ఉప్పు దగ్గర మొదలైతే బర్రెకు నీళ్లు పెట్టలేదనే దాకా ఏదో ఒక పంచాయితీ నడుస్తూనే ఉండేది. సాయంత్రం ఏడున్నరకు మాత్రం ఇద్దరం ఒక్కటయ్యేవాళ్లం. 'దివాణం' సీరియల్ వచ్చేది అప్పుడే. ఏడేళ్లలో ఒక్క ఎపిసోడ్ విడవలేదు. పెళ్లికి పోయినా ఏడింటికల్లా ఇల్లు చేరేవాళ్లం, ఎవరేమనుకున్నా సరే.

మాది దేవరుప్పుల నుంచి పాలకుర్తి పోయే రోడ్డు మీద ఊరు. నాలుగెకరాల పత్తి చేను, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో టీవీ, నా కుట్టు మిషన్. లోపలి గదిలో అత్తమ్మ మంచం. ఆమె పేరు సోమనర్సమ్మ. నా భర్త హన్మంత్‌కు సీరియల్ అంటే మంట. టైటిల్ పాట మొదలవగానే చెప్పులేసుకుని సెంటర్‌లో హోటల్ దగ్గరికి పోయేవాడు. తొమ్మిదికి గానీ తిరిగొచ్చేవాడు కాదు.

రెండో సీజన్ అయిపోయి, ఆఖరి సీజన్ మొదలయ్యేలోపల షుగర్ అత్తమ్మ కళ్లు తీసుకుపోయింది. తర్వాత కాలికి పుండు లేచి మంచం పట్టింది. జనగామలో దవాఖానకు తీసుకుపోతే, ఇంటి దగ్గరే ఉంచి కట్టు మార్చమన్నారు. ఆమె దిగులు కాలి గురించి కాదు.

"ఇదే ఆఖరు సీజన్ అంటున్నరు గద. నాకెట్ల తెలుస్తదే?" అని ఒకటే అడిగేది.

మొదటి రెండు సీజన్లయితే కళ్లు లేకున్నా నడిచిపోయేది. అందులో అందరూ అరుస్తారు. మనసులో అనుకునేది కూడా గట్టిగానే అనుకుంటారు. అత్త దొరసాని తల తిప్పితే మూడుసార్లు ఉరుముతుంది. పక్క చేనులో కలుపు తీసేవాళ్లకు కూడా కథ అర్థమయ్యేది. ఆఖరి సీజన్‌కు వచ్చేసరికి ఏమైందో ఏమో, తీసేవాళ్లకు బుద్ధొచ్చింది. ఉరుములు పోయాయి, అరుపులు పోయాయి. నటులు నిజంగానే పెద్దవాళ్లయ్యారు, తెల్ల వెంట్రుకలకు రంగు వేయకుండా వదిలేశారు. కోడలు సునంద వంటింట్లో ఒక్కతే కూర్చుని బియ్యం ఏరుతుంది. మూడు నిమిషాలు ఒక్క మాట ఉండదు. గడప అవతల దొరసాని నిలబడి చూస్తుంది, ఏమీ అనదు. ఏడేళ్లు కోడలిని ఉయ్యాల బల్ల మీద కూర్చోనివ్వని మనిషి అలా చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇంత బాగా తీయడం చేతనయినవాళ్లు ఏడేళ్లు ఆ ఉరుములెందుకు పెట్టారో అని తిట్టుకునేదాన్ని కూడా. అంత బాగా తీసినందుకే చూపులేని మనిషికి కథ అందకుండా పోయింది.

అందుకని నేను ముందు గదిలో చూసి, ఎనిమిదింటికి లోపలికి పోయి, స్టూలు మీద కూర్చుని ఆమెకు చెప్పేదాన్ని. మొహాలు ఎలా పెట్టారో, ఎవరు ఎటు చూశారో అన్నీ చెప్పాలి. అత్తమ్మ ఊఁ కొట్టేది. ఆ ఊఁ దగ్గర ఆమెకు గట్టి పట్టింపు.

"ఊఁ కొట్టేటోళ్లు లేంది కథ చెప్పద్దు పిల్లా. మనిషి కొట్టకుంటె ఇంకోటేదో కొడ్తది," అనేది.

ముసలివాళ్ల మాటలు వంద ఉంటాయి, అందులో ఇదొకటి అనుకున్నాను.

దీపావళి తర్వాత పత్తి ఏరించాం. ధర లేదని హన్మంత్ అమ్మకుండా లోపలి గదిలో పోయించాడు. అత్తమ్మ మంచానికి ఆవలి పక్క, గోడ కనిపించకుండా, దూలాల దాకా కుప్ప. దాంతో ఆ గదిలో చప్పుళ్లే మారిపోయాయి. పత్తి చప్పుడును మింగేస్తుంది. గ్లాసు కింద పడ్డా ఎక్కడో దూరంగా పడ్డట్టు వినిపించేది. సరిగా ఆరని పత్తి వాసన, అందులో మగ్గిన వాసన, గదంతా పట్టుకుంది. బల్బు వెలుతురు కూడా ఆ తెలుపులో పడి మసగ్గా ఉండేది.

ఒక సాయంత్రం కథ చెబుతుంటే అత్తమ్మకు దగ్గు తెర వచ్చింది. నేను ఆపకుండా, "సునంద తలుపు గొళ్లెం తీసింది," అన్నాను.

"ఊఁ."

అత్తమ్మ ఇంకా దగ్గుతూనే ఉంది.

చెవులు పాడయ్యాయనుకున్నాను. మర్నాడు జాగ్రత్తగా విన్నాను. నేను ఒక మాట చెప్పగానే అత్తమ్మ ఊఁ. దాని వెనక, రెప్పపాటు ఆలస్యంగా, ఇంకొకటి. మెత్తగా, నోరు తెరవకుండా అన్నట్టు. పత్తి కుప్ప లోపలి నుంచి. గోడ ప్రతిధ్వని అనుకుందామంటే పత్తి పోసిన గదిలో ప్రతిధ్వని ఎక్కడిది? పరీక్షిద్దామని, "దొరసాని పెద్దకొడుకు ఎద్దునెక్కి వచ్చిండు," అన్నాను.

"ఎద్దేందే, మోటరు గద వానికి?" అంది అత్తమ్మ.

"ఊఁ," అంది అది.

వంగి, ఆమె చెవి దగ్గర గుసగుసగా అడిగాను.

"అత్తమ్మా... నీకు ఇనవడ్తున్నదా?"

"ఇనవడ్తున్నది. మెల్లగ మాట్లాడు."

"ఎప్పటి సంది?"

"పత్తి పోసిన నాటి సంది."

"ఎవలది గా గొంతు?"

"తెల్వది. మా అవ్వ పోయేటప్పుడు గూడ వచ్చింది. మా మేనత్త కథ చెప్తుంటె గిట్లనే ఊఁ కొట్టింది. కథ అయిపోయేదాక కూసుంటది." అత్తమ్మ పత్తి వైపు మొహం తిప్పింది. "అయిపోయినంక ఒట్టి చేతులతోని పోదు."

"గట్లయితె చెప్పుడు బంద్ చేస్త."

"ఒకపాలి షురూ జేసినంక ఆపద్దు. ఆపితె లేచి అడుగుతదట. నువ్వు చెప్పు."

హన్మంత్‌తో చెబితే, ఎలుకలు దూరాయన్నాడు. మంచం ముందు గదికి మారుద్దామంటే అత్తమ్మే వద్దంది. కథ ఎక్కడ చెబితే అది అక్కడికే వస్తుందట.

అప్పటికి తొమ్మిది ఎపిసోడ్లు మిగిలాయి. ఎలా ముగుస్తుందా అని ఎదురుచూసిన సీరియల్, ఇప్పుడు అయిపోకపోతే బాగుండని దండం పెట్టుకునేదాన్ని. పొద్దున కట్టు మారుస్తుంటే అత్తమ్మ నన్ను తిట్టేది. ఆ తిట్లు ఎంత బాగుండేవో అప్పుడే తెలిసింది నాకు.

శనివారం ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. పేర్లు పడుతుంటే కూడా లేవలేకపోయాను. అలాంటి ముగింపు టీవీలో నేను చూడలేదు, ఇక చూడను. కళ్లు తుడుచుకుని లోపలికి పోయాను.

"ఏమైందే?" అంది అత్తమ్మ.

"సునంద వాపసు వచ్చే రైలు లేటయింది. ఇంకా దివాణం చేరలె," అన్నాను.

"ఊఁ."

"...ఊఁ."

అలా నాలుగు రోజులు అబద్ధం నడిపాను. నాకు బట్టలు కుట్టడం వచ్చు గానీ కథలు కుట్టడం ఎక్కడొస్తుంది? సునందకు యాక్సిడెంట్ చేయించాను. గతం మరిచిపోయేలా చేశాను. నాలుగో రోజు ఇంకేం తోచక ఒక కవల చెల్లెల్ని తెచ్చాను.

"మంచిగ నడుస్తున్న కథను ఎందుకు గిట్ల ఖరాబ్ జేసిండ్రే?" అని అత్తమ్మ బాధపడింది.

రెండో ఊఁకు కూడా నచ్చలేదు. సాగదీసి, ఆగి, ఆగి వచ్చేది. పైగా రోజూ కొంచెం దగ్గర నుంచి. పత్తి కుప్పలో ఒక గుంట పడింది, ఎవరో కూర్చుని లేచినట్టు. మొదటి రోజు అది గోడ పక్కన ఉంది. నాలుగో రోజుకు మంచానికి జానెడు దూరంలో ఉంది.

ఐదో రోజు పక్కింటి ఖమర్ బీ రవిక కుట్టించుకోవడానికి వచ్చి, గడపలోనే మొదలుపెట్టింది.

"కరుణా, దివాణం ఆఖరుకు ఎంత మంచిగ చేసిండ్రు చూసినవా? శనివారం సంది నా దిల్ల నుంచి పోతలేదు. గా ఉయ్యాల..."

చెయ్యి ఊపి ఆపమన్నాను. అప్పటికే ఆలస్యమైంది. లోపలి గది తలుపు తెరిచే ఉంది.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి స్టూలు వేసుకున్నాను. పత్తి వాసన ఎన్నడూ లేనంత ఘాటుగా ఉంది. అత్తమ్మ చూపులేని కళ్లు పైకప్పు వైపు పెట్టి పడుకుంది.

"శనివారమే అయిపోయిందట గద."

నేను స్టూలు మంచానికి ఇంకా దగ్గరికి జరుపుకున్నాను.

"ఏడేండ్లు చూసిన. నడిమిట్ల నుంచి లేపి తోలిస్తవా నన్ను?"

"నాకు నువ్వు కావాలె అత్తమ్మా."

పదమూడేళ్ల కాపురంలో ఆమెతో ఆ మాట అనడం అదే మొదలు. అత్తమ్మ నవ్వింది.

"ఎర్కనే. లేకుంటె గంత దరిద్రపు కథ అల్లుతవా నువ్వు?" అని, నా చెయ్యి వెతికి పట్టుకుంది. గొంతు తగ్గించింది. "ఇను పిల్లా. నువ్వు చెప్పకుంటె నేను చెప్త అంటున్నది. నిన్నటి సంది చెవు కాడ అంటున్నది. దాని నోట్లె నుంచి నాకు వద్దు. నీ నోట్లె నుంచి ఇంట. చెప్పు."

చెప్పాను. ఏం చేయను మరి... చెప్పాను.

"సునంద దివాణం గేటు తీసింది."

"ఊఁ."

"...ఊఁ."

"దొరసాని ఉయ్యాల బల్ల మీద కూసున్నది. జుట్టంత తెల్లగైంది. సునంద గడపల నిలవడ్డది. ఇద్దరు ఏం మాట్లాడలె."

"ఊఁ."

"...ఊఁ."

"శానసేపు గట్లనే చూసుకున్నరు. ఎన్క... దొరసాని జర జరిగింది. పక్కకు జాగ ఇచ్చింది."

అత్తమ్మ కూడా జరిగింది. పుండు కాలు కదిపితే అరిచే మనిషి, మెల్లగా, ఒక పక్కకు జరిగింది. నన్ను కూర్చోమంటోంది అనుకుని స్టూలు మీద నుంచి లేచాను.

కానీ ఆమె జరిగింది నా వైపుకే.

జాగా వదిలింది పత్తి వైపు.

నులక మంచం ఆ పక్క కిర్రుమంది. తాళ్లు మెల్లగా కిందికి దిగాయి... దిగి, ఆగాయి.

"ఎన్కేమైంది?" అంది అత్తమ్మ. ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. వెచ్చగానే ఉంది.

"సునంద పోయి పక్కన కూసున్నది. ఉయ్యాల జర ఊగింది. గంతే అత్తమ్మా. అయిపోయింది."

"ఊఁ."

ఒక్కటే. మంచం మీద నుంచే.

అత్తమ్మ పెదవులు కదలలేదు.

తొమ్మిదికి హన్మంత్ వచ్చేసరికి నేను ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను. మంచం రెండో పక్క తాళ్లు మళ్లీ పైకి లేచి, బిగుతుగా ఉన్నాయి.

దినాలయ్యాక పత్తి అమ్మేశాం. గది ఖాళీ అయింది. సున్నం వేసిన గోడకు, కింద కూర్చున్న మనిషి తల ఆనించేంత ఎత్తులో, నూనె మరక ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా తేలుతూనే ఉంది.

ఆ రోజు నుంచి నేను ఎవరికీ ఏదీ పూర్తిగా చెప్పను. మా అక్క ఫోన్ చేస్తే ఆఁ, ఊహూఁ అని పెట్టేస్తాను. ఖమర్ బీ కొత్త సీరియల్ గురించి అడిగితే చూడట్లేదంటాను. కానీ ఎన్నాళ్లని కడుపులో పెట్టుకోవడం? నోటితో చెబితేనే కదా దానికి వినిపించేది, రాస్తే ఏమవుతుంది అనుకున్నాను. అందుకే ఇవాళ మధ్యాహ్నం కుట్టు మిషన్ మీద నోట్‌బుక్ పెట్టుకుని, గంట నుంచి ఇదంతా రాస్తున్నాను. బయట ఎండ కాస్తోంది. హన్మంత్ అరుగు మీద పడుకున్నాడు. మీరు దీన్ని పైకి చదవకండి. చదవాల్సి వస్తే పక్కన ఒక మనిషిని పెట్టుకోండి.

ఇంతవరకు రాసేసరికి హన్మంత్ నిద్రమబ్బులో విసుక్కున్నాడు.

"గంట సంది ఇంటున్న. ఎవలు ఏం చెప్తుంటె గట్ల ఊఁ కొడ్తున్నవే?"

నేను ఈ గంటలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

కుట్టు మిషన్ ముందు నా కోసం వేసుకున్న బెంచీ... రెండో పక్క... కొంచెం కిందికి దిగింది. పత్తి వాసన వస్తోంది. రాయాల్సింది ఇక ఏమీ మిగల్లేదు. అయినా కలం ఆపను. అయిపోయిందని రాయను.

ఇంకా ఉంది. సునందకు నిజంగానే ఒక కవల చెల్లెలు ఉంది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయింది. ఆమె ఒకరోజు రైలు దిగి...