మూత దగ్గర మనిషి

మధ్యాహ్నం మూడు కాగానే వీధి చివరి స్తంభం మీద మైకు ఒక్కసారి కూస్తుంది. ఓకుజావా ఊళ్ళో కింది వీధికి నీళ్ళ వంతు వచ్చిందని దానర్థం. నాలుగింటి దాకా ఒక్క గంటే. ఆ గంటలో ఇంటి ముందూ చూరు కిందా పేరుకున్న మంచునంతా పెద్ద రేకు పారలతో తోసుకొచ్చి రోడ్డు పక్క కాలవలో పొయ్యాలి. కాలవ మీద ఇనుప మూతలుంటాయి. మూత తీస్తే అడుగున ఏటినీళ్ళు నల్లగా, నడుంలోతున పరుగెడుతుంటాయి. ఎంత పోసినా మింగుతాయి. గంట దాటాక నీళ్ళు పై వీధికి మళ్ళిపోతాయి. ఆ తర్వాత నీ మంచు నువ్వు నెత్తిన పెట్టుకుని ఊరేగినా అడిగేవాళ్ళుండరు.

రెండిళ్ళకి ఒక మూత. ఒకరు తోస్తుంటే ఇంకొకరు మూత దగ్గర కర్ర పట్టుకుని నిలబడాలి. మంచు అంచులు కట్టి ఆ నోటిని సగానికి పైగా కప్పేస్తుంది. ఎక్కడిదాకా నేలో, ఎక్కణ్ణించి గొయ్యో కంటికి తెలియదు. అందుకని మూత దగ్గర మనిషి లేకుండా ఎవరూ మూత తియ్యరు.

ఈ ఏడు ఫుమి ఒంటరిగా తీస్తోంది.

పక్కిల్లు ఖాళీ. అందులో ఉండే కినుయో పోయిన ఫిబ్రవరిలో ఆ కాలవలోనే పడి చచ్చిపోయింది. ఇక మిగిలింది ఫుమి మొగుడు తైజో. నవంబరులో అతని గుండెకి ఆపరేషన్ చేశారు. "ఆయన పార ముట్టుకున్నాడో, మనిషి మీకు దక్కడమ్మా" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మొగుడి సంగతి బాగా తెలిసిన ఫుమి, ఇంటికి రాగానే అతని రబ్బరు బూట్లు బియ్యం పెట్టెలో పడేసి తాళం వేసింది. ముప్ఫై రెండేళ్ళ కాపురం. పిల్లాజెల్లా లేరు. ఈ మనిషి ఒక్కడు మిగిలితే చాలు, ఊళ్ళో మంచంతా తనే ఎత్తిపోస్తానని ఆవిడ పంతం.

"మూత దగ్గర ఎవరు నిలబడుతున్నారే?" అని మొదటి మంచు రోజునే అడిగాడు తైజో.

"వీధిపెద్ద ఎవరో ఆవిణ్ణి పంపుతున్నాడు లెండి, పై వీధి నుంచి. మీరు కాళ్ళు లోపల పెట్టుకుని కూర్చోండి."

శుద్ధ అబద్ధం. నిజం చెబితే కాళ్ళకి గోనెసంచులు కట్టుకునైనా బయటికొస్తాడు. పోనీ వీధిపెద్దని నిజంగానే అడుగుదామంటే ఫుమికి మొహం చెల్లలేదు.

మంచు తోస్తుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. ఆగిన మరుక్షణం ఆ చెమటే చల్లారి నడుం పట్టేస్తుంది. అందుకని ఆ వైపు వాళ్ళు చొక్కా లోపల వీపు మీద పొడి తువ్వాలు పరుచుకుని పనిలోకి దిగుతారు. తడిసినప్పుడు జతగత్తె వెనక నుంచి మెడ దగ్గర పట్టుకుని సర్రున లాగేసి, ఇంకో పొడిది దూరుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఫుమి తువ్వాలు లాగింది కినుయోనే. పోయినేడు కినుయో కాలవలో పడిన రోజు మాత్రం ఇద్దరికీ ఉప్పులో ఊరేసిన ముల్లంగి దగ్గర మాటా మాటా వచ్చింది.

"నీ ఊరగాయలో ఉప్పు తప్ప ముల్లంగి ఏదే?" అని ఎకసెక్కెం ఆడింది కినుయో.

ఫుమికి ఒళ్ళు మండిపోయింది. "నా తువ్వాలు నేను మార్చుకోగలను. రెండు నిమిషాల్లో వస్తానక్కా" అని కర్ర మంచులో గుచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

లోపల కోతాత్సు వెచ్చగా ఉంది. కింద సెగా, చుట్టూ బొంతా ఉన్న ఆ పొట్టి బల్ల కిందికి ఒకసారి కాళ్ళు దూరాక బయటికి లాగడం ఎవరి తరం? "ఇంకో కప్పు తాగి వెళ్ళవే. మంచెక్కడికి పారిపోతుంది" అన్నాడు తైజో. తాగింది. పావుగంటయింది. బయటికొచ్చేసరికి మూత పక్కన కినుయో పార ఒక్కటే నిలబడి ఉంది.

మనిషి మూడు రోజులకి, ఊరి దిగువన కాలవ ఏట్లో కలిసే చోట దొరికింది. తనకి జ్వరమనీ, ఆ రోజు గడప దాటలేదనీ పోలీసులకి చెప్పింది ఫుమి. తైజో పక్కన కూర్చుని తల ఊపాడు. "ఒంటరిగా మూత తీసిందట, ఎంత పొగరు!" అని ఊరంతా చచ్చిపోయినావిడనే తిట్టింది. ఆ తిట్లు వింటూనే ఫుమి అంత్యక్రియల ఇంట్లో గిన్నెలు తోమింది. ఆ సిగ్గు ఇంకా ఆవిణ్ణి వదల్లేదు. ఆ మూత గురించి ఎవరి ముందూ నోరెత్తలేకపోయింది.

జనవరి ఆఖర్లో ఒకరోజు ఫుమి పని ముగించుకుని లోపలికొచ్చి కెటిల్ పొయ్యి మీద పెడుతోంది. తైజో కిటికీ దగ్గర్నుంచి అన్నాడు.

"ఆవిణ్ణి టీకి పిలవవేం? మర్యాద లేని ఇల్లనుకోదూ?"

"ఎవర్ని?"

"అదేనే, మూత దగ్గర నిలబడే ఆవిణ్ణి. మూడు రోజుల్నించి చూస్తున్నా. టోపీ మీద ఇంతెత్తు మంచు పేరుకున్నా దులుపుకోదు. కదలదు. నీకంటే ఓపికమంతురాలు."

కెటిల్ ఫుమి చేతిలోనే ఉండిపోయింది.

"మొహం... చూశారా?"

"ఈ మంచులో మొహమేం కనిపిస్తుంది? నువ్వు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, అంతే."

మర్నాడు ఫుమి మూత చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు. అడుగుల జాడ కూడా తనది ఒక్కటే. ఇక మూత జోలికి పోకూడదని నిర్ణయించుకుంది. రెండు రోజులు పోలేదు. ఆ రెండు రోజులూ మంచు ఆగకుండా కురిసింది. చూరు మీది నుంచి జారినదీ, కింద పేరుకున్నదీ కలిసిపోయి కిటికీలు మూసుకుపోయాయి. పట్టపగలు దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటి దూలాలు మూలిగాయి.

"బియ్యం పెట్టె తాళం ఏదే?" అన్నాడు తైజో. గొంతు మెత్తగానే ఉంది. అలా మెత్తగా అడిగాడంటే ఇక ఆగడని ఫుమికి తెలుసు.

"నేను వెళ్తున్నా. మీరు లేచారంటే నా మీద ఒట్టు" అని వీపు మీద తువ్వాలు పరుచుకుని బయటపడింది.

మైకు కూసింది. మూత పైకి లేపింది. కింద నీళ్ళ హోరు.

మంచు తెరలు తెరలుగా పడుతోంది. రోడ్డుకి అవతలి ఇళ్ళు కనపడటం లేదు. మొదట్లో ఎవరెవరివో పారలు గీసుకుంటున్న చప్పుడూ, ఎవరో దగ్గడమూ వినిపించాయి. ఇంటి నుంచి మూత దాకా కాలు పట్టేంత సన్నటి జాడ చేసుకుని, ఆ జాడలోనే పది తడవలు తోసింది. ఇరవై తడవలు తోసింది. వెనక్కి తిరిగేసరికి జాడ మళ్ళీ తెల్లగా నిండిపోతోంది. ఇది తీరే పని కాదని ఒళ్ళు చెబుతోంది, అయినా తోసింది. వీపు మీద తువ్వాలు తడిసి బరువెక్కింది.

ఎప్పుడాగాయో తెలియదు, మిగతా పారల చప్పుళ్ళు ఆగిపోయాయి.

వాసన వచ్చింది. ఏటి అడుగు బురద వాసన, నాచు వాసన. ఇంత చలిలో దేనికీ వాసన ఉండదు. ఇది మాత్రం ముక్కుకి గుప్పున కొట్టింది.

మెడ వెనక చొక్కా కాస్త లేచింది...

తువ్వాలు సర్రున బయటికి పోయింది.

ఫుమి తిరగలేదు. తిరగలేకపోయింది. వీపు మీదికి ఇంకో తువ్వాలు దిగుతోంది... మెల్లగా, ముడతలు సర్దుతూ... పొడిగా లేదు. నీళ్ళు కారుతోంది. చల్లగా నడుం దాకా దిగి అంటుకుంది.

"ఫుమీ..."

చెవి పక్కనే. ఊపిరి తగల్లేదు.

"కాస్త మూత చూస్తూ ఉండవే. రెండు నిమిషాల్లో వస్తా..."

వెనక అడుగులు. ఒకటి... రెండు... తడి బట్టలు రాసుకుంటున్న చప్పుడు. అవి ఇంటి వైపు పోతున్నాయి.

ఇంట్లో తైజో ఉన్నాడు.

అప్పుడు వచ్చింది కదలిక. పార వదిలేసి పరుగెత్తింది ఫుమి. పది అడుగుల దారి. కాలు జాడ తప్పి తొడల లోతు మంచులో దిగబడింది. పడింది, లేచింది, మళ్ళీ పడింది. "అక్కా, వద్దు... అక్కా!" తలుపు దగ్గరికి చేరేసరికి అది ఓరగా తీసి ఉంది. బూట్లు విడిచే చోట నీళ్ళు మడుగు కట్టాయి.

తైజో కోతాత్సులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద రెండు కప్పులు. రెండూ పొగలు కక్కుతున్నాయి. నవ్వుతూ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్... ఇప్పుడే కునుకు పట్టింది. పాపం, కాళ్ళూ చేతులూ గడ్డకట్టుకుపోయాయే ఆవిడకి."

ఎదురుగా ఎవరూ లేరు. బొంత మాత్రం ఆ వైపు ఎత్తుగా ఉంది. మెడ దాకా లోపలికి దూరి పడుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

"లేవండి" అంది ఫుమి గుసగుసగా. "కాళ్ళు తీసి ఇటు రండి. దణ్ణం పెడతా."

"ఎలా తియ్యనే? పట్టుకుంది కదా వెచ్చదనానికి. మొదట్లో మహా చల్లగా తగిలింది. ఇప్పుడేమీ తెలియట్లేదు." పెదాలు నీలంగా ఉన్నాయి. నవ్వు ఇంకా పోలేదు. "పడుకోనీ. రెండు నిమిషాలేగా అంది."

చంకల కింద చేతులు వేసి లాగింది. రాలేదు. గోడకి కాలు తన్ని పెట్టి లాగింది. ముసలాడు ఎముకల పోగు, బస్తా బియ్యమంత కూడా ఉండడు. అయినా రాలేదు. అవతలి నుంచి ఎవరో తాపీగా, బలం పెట్టకుండా పట్టుకుని ఉన్నారు.

ఫుమి బొంత ముందు తల నేలకి ఆనించింది.

"నేనే అక్కా. నేనే వదిలేసి వచ్చా. జ్వరం లేదు, ఏం లేదు. ఊరందరికీ చెబుతా. నన్ను తీసుకుపో. ఈయన్ని వదిలెయ్యి... అక్కా, ఒక్క మాట అనవే..."

బొంత కదల్లేదు. ఏడాది పాటు నోట్లో దాచుకున్న మాట బయటికొచ్చింది, కానీ వినేవాళ్ళకి అది అక్కర్లేకపోయింది.

నాలుగు గంటల కూత వినిపించింది. బయట నీళ్ళ హోరు సన్నగిల్లి ఆగిపోయింది. బొంత నెమ్మదిగా చదునైంది. తైజో అప్పుడు తేలిగ్గా ఫుమి ఒళ్ళోకి వచ్చేశాడు. ఒళ్ళంతా ఐసుగడ్డ. కోతాత్సు సెగ ఇంకా ఎర్రగా మండుతూనే ఉంది.

అంబులెన్సు వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇద్దరు కుర్రవాళ్ళు స్ట్రెచర్ మీద తైజోని కప్పి తీసుకెళ్ళారు. గుండె ఆగిందన్నారు. ఈ చలికి ఇలాంటివి రోజూ చూస్తున్నామన్నారు. పోతూ పోతూ ఒకడు ఓదార్పుగా అన్నాడు.

"దారి ఇంత బాగా తీసి పెట్టారు గనక సరిపోయిందమ్మా. లేకపోతే ఈ మంచులో మోసేవాళ్ళమే కాదు."

ఫుమి గడప దాటి చూసింది. తను చేసుకున్న సన్న జాడ లేదు. గడప నుంచి రోడ్డు దాకా, స్ట్రెచర్ పట్టేంత వెడల్పున, దారి నేల కనపడేలా తీసి ఉంది. చుట్టూ మంచు కురుస్తూనే ఉంది, ఆ దారి మీద మాత్రం ఒక్క రేణువు నిలవటం లేదు. కూర్చుని అరచెయ్యి ఆనించింది. మట్టి వెచ్చగా ఉంది. ఎవరో అంతసేపూ పడుకుని ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంది.

ఆ చలికాలం మళ్ళీ పార పట్టాల్సిన అవసరం ఫుమికి రాలేదు. వీధిపెద్ద దగ్గరికి వెళ్ళి నిజం చెప్పింది. "మొగుడు పోయిన దిగులమ్మా, పడుకో" అని ఆయన టీ ఇచ్చి పంపేశాడు. వారం గడిచేసరికి గడప రాయి కూడా పొడిగా ఉంటోంది. ఆ తర్వాతి వారం వసారా చెక్కలు కాలికి వెచ్చగా తగిలాయి. ఫుమి వాటి మీద నడవడం మానేసి గోడ పక్కన నడవసాగింది.

మార్చి మొదట్లో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. తైజో పరుపు చుట్టి అటక మీద పెట్టేసి నెల దాటింది. అతను పడుకునే చోట ఉత్త చాప. అలవాటు కొద్దీ చెయ్యి చాచి తడిమింది.

వెచ్చగా ఉంది.

ఆ వెచ్చదనం ఎక్కడితో ఆగిందో చూద్దామని చెయ్యి ఇటు జరుపుకుంటూ వచ్చింది. అది ఫుమి పరుపు అంచు దాకా వచ్చి, ఇంకా పరుపు కిందికి పోతోంది.