సౌమ్యస్వరం

2074 నాటికి విశాఖపట్నంలో గళపట్టీ ఒక వింత కాదు. రైతుబజారులో పక్షవాతం వచ్చిన పెద్దాయన పెదవి కదపకుండానే, "వంకాయలు నిన్నటివి అమ్మా, నాకు తెలీదనుకోకు" అని మెడ దగ్గర నుంచి తన గొంతుతోనే బేరమాడేవాడు. ఎవరూ తిరిగి చూసేవారు కాదు.

దాన్ని కనిపెట్టింది ప్రొఫెసర్ ఎస్తేరు. మనం మాట్లాడాలనుకోగానే మెదడు గొంతు కండరాలకు ఆజ్ఞ పంపుతుంది. పక్షవాతంలో కండరాలు ఆ ఆజ్ఞను పాటించలేకపోయినా, చాలామందిలో నాడీసంకేతం బలహీనంగా గొంతు దాకా వస్తుంది. పట్టీలోని ఎలక్ట్రోడ్లు దాన్ని అందుకుంటాయి. చిప్ దాన్ని మాటలుగా కూర్చి, రోగి పాత రికార్డింగుల నుంచి తయారుచేసిన గొంతుతో పలుకుతుంది.

పదకొండేళ్లు అది యూనివర్సిటీ ల్యాబ్‌లోనే ఉండిపోయింది. కంపెనీ పెడదామన్నది ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసిన నజీర్. పేటెంటు యూనివర్సిటీది, లైసెన్సు కంపెనీది. పెట్టుబడిదారుల ముందు మూడు గంటలు మాట్లాడి ఎస్తేరు వాళ్లను ఒప్పించింది. ఆ సాయంత్రం స్వీట్లతో ఇంటికొచ్చేసరికి ఆమె భర్త కృపావరం వంటింటి గడప దగ్గర పడిపోయి ఉన్నాడు.

పోర్టులో క్రేన్ ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చే మనిషి. పక్షవాతం. ప్రాణం నిలిచింది. మాట పోయింది. కాళ్లు, కుడిచెయ్యి పనిచేయలేదు. ఎడమచెయ్యి కొంచెం లేచేది గాని పెన్ను పట్టుకునేంత పట్టు లేదు. సంకేతం గొంతుదాకా రావడానికి ఏడాది పట్టొచ్చన్నారు డాక్టర్లు.

ఆ ఏడాదిలోనే గళపట్టీలు బజారులోకి వచ్చాయి, సగానికి సగం వెనక్కి కూడా వచ్చాయి.

"మెషీన్‌లో లోపం లేదు మేడమ్," అన్నాడు నజీర్. "అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేస్తోంది, అదే గొడవ. ఒకాయన నోరు రాగానే కొడుకుని తిట్టాడు. ఒకావిడ, ఇన్నేళ్లూ నీతో సుఖం లేదని మొగుడికి చెప్పేసింది. పట్టీ కొనేది రోగి కాదు. ఇంట్లోవాళ్లు."

దానికి మందుగా అతను చూపించిన సాఫ్ట్‌వేర్ పేరు సౌమ్యస్వరం. నొప్పి, ఆకలి, దాహం ఉన్నవున్నట్టే పలుకుతుంది. కోపం, నింద వస్తే వాటిని మెత్తని మాటలుగా మార్చేస్తుంది.

"నోరు లేనివాడి నోట్లో మన మాటలు పెడతావా?"

"పెట్టకపోతే కంపెనీ మూతపడుతుంది. అప్పుడు ఎవరికీ ఏ మాటా ఉండదు."

"అయితే నేనుండను," అని ఎస్తేరు రాజీనామా ఇచ్చి ల్యాబ్‌కి వెళ్లిపోయింది. సౌమ్యస్వరం వచ్చాక కంపెనీ దేశమంతా పాకింది.

మరికొన్నాళ్లకి కృపావరం గొంతులో సంకేతం కనబడింది. ఎస్తేరు తన పాత ల్యాబ్ పట్టీని స్వయంగా ఆయన మెడకు పెట్టి, మంచం పక్కన కూర్చుంది.

"ఏమండీ, ఏదైనా చెప్పండి."

పట్టీ ఆయన గొంతుతో పలికింది. "ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వే కట్ చేశావు."

అది నిజం. పెట్టుబడిదారుల ముందు నిలబడి ఫోన్ మీద ఆయన పేరు చూసి కూడా కట్ చేసింది. డాక్టర్లకి గాని, నజీర్‌కి గాని ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడు, "నువ్వు పక్కన కూర్చోకు. నర్సుని పంపు." నెలరోజులు విన్నది ఎస్తేరు. తర్వాత నజీర్‌కి ఫోన్ చేసింది.

అతనే సౌమ్యస్వరం ఉన్న కొత్త పట్టీ తెచ్చాడు. ఏదో ఒకటి అంటాడని ఆమె తల వంచుకుని నిలబడింది. "మా నాన్నకీ ఇదే పెట్టాను మేడమ్," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

"ఎస్తేరూ, అలసిపోయినట్టున్నావు. నా గురించి బెంగపడకు," అంది కొత్త పట్టీ. ఆమె ఆయన గుండె మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ వారాలన్నీ త్వరగా ఇంటికొచ్చేది. ల్యాబ్ కబుర్లు చెప్పేది. ఆయన ముఖం వైపు చూడటం మాత్రం తగ్గించింది.

ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, "నీ చేతి జావ ఎంత బాగుందో," అంది పట్టీ. చెంచా ఆగిపోయింది. ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఎడమచెయ్యి మెడదాకా లేచింది. బొటనవేలు పట్టీలో దూర్చి లాగాడు. పట్టీ ఊడి దిండు మీద పడింది.

ఎస్తేరు పరుగున పాత పట్టీ తెచ్చింది. "ఇది పెడతానండీ. ఇది ఏమీ మార్చదు."

ఆయన ఆ పట్టీని కూడా నెట్టేశాడు. తర్వాత నోరు తెరిచాడు. దవడ వంకరపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరితో కలిసి ఏదో మాట వచ్చింది. నాలుగైదు అక్షరాలుంటాయి.

ఆమె చెవి ఆయన పెదవులకు ఆనించింది. వేలమంది గొంతులు చదివిన మనిషికి ఆ ఒక్క మాట అందలేదు. తిట్టాడో, ఓదార్చాడో తెలియలేదు.

"మళ్లీ చెప్పండి," అంది.

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్లీ చెప్పలేదు.