దుప్పుల లోయలో చారల చొక్కా

ఆగిరిపల్లి మామిడితోటలు దాటాక రెండు ఎండుకొండల మధ్య లోయ ఉంది చూశారూ... పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. దుప్పిని కొట్టబోయి బండ మీంచి జారి చచ్చిన వేటగాడు లోయ మొదట్లో నిలబడి ఉంటాడంటారు. తల కుండంతట!

ఎనభై ఆరులో, దుప్పుల్ని వేటాడకూడదని గవర్నమెంటు ఆ లోయకి కంచె వేసింది. వాచర్ ఉద్యోగం ఒక్కటే. సవరయ్య దానికోసం కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి వచ్చిందెవరికి? తోడల్లుడు బాలశౌరికి!

ఇక చూస్కోండి. బాలశౌరి ఖాకీ చొక్కా వేసుకుని సైకిలు బెల్లు కొడుతూ పోతుంటే సవరయ్యకి ఒళ్లు మండిపోయేది. అన్నం సయించేది కాదు. పెళ్లాం దయామణి దగ్గర రోజూ అదే ఏడుపు.

బాలశౌరి జ్వరంతో మంచమెక్కాడని తెలిసిన రాత్రి, సవరయ్య ఉచ్చు తీగ నడుముకి చుట్టుకున్నాడు. వాడి కాపలాలో ఒక్క దుప్పి చస్తే చాలు... ఉద్యోగం ఊడుతుంది.

"నా చారల చొక్కా ఏదే? వారం నించి అడుగుతున్నా."

"ఎక్కడో ఉంటుందిలే," అంది దయామణి తలెత్తకుండా.

బనీనుతోనే బయల్దేరాడు. పలచటి వెన్నెల. కంచె దాటాడు... ఎండుగడ్డి గరగరమంది — ఆగాడు.

ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నారు. తల... కుండంత! చాచిన చేతులు, రమ్మన్నట్టు ఊగుతున్నాయి.

"మరియమ్మ తల్లీ..." అక్కడే కూలబడ్డాడు.

టార్చి వెలిగింది.

"ఎవరది?... నువ్వా తమ్ముడూ!" బాలశౌరి! దుప్పటి కప్పుకుని వణుకుతూనే డ్యూటీకి వచ్చాడు. "నాకు జ్వరమని తోడుకొచ్చావా? దిష్టిబొమ్మని చూసి జడుసుకున్నావేంటి! ఉద్యోగం వచ్చిన కాణ్ణించీ ఒకటే జ్వరాలు కదా... మామిడితోటలో కట్టినట్టు ఇక్కడా ఒకటి కట్టమంది మరదలు. ఎవరి కన్ను తగిలిందో వాళ్ల బట్టే తొడగాలంట. చొక్కా కూడా తనే తెచ్చిచ్చింది. ఎవరిదంటే మాత్రం చెప్పదు!"

టార్చి వెలుగు బొమ్మ మీదికి తిరిగింది. కుండ తల కింద చారల చొక్కా. జేబుకి దయామణి వేసిన ఎర్రదారం కుట్టు.

సవరయ్యకి అది నిజంగా దెయ్యమైనా బాగుండేదనిపించింది. నడుముకి చుట్టిన తీగ పొట్టలో గుచ్చుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోతూ ఇంటిదారి పట్టాడు.

దయామణి దీపం పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"చొక్కా కనపడిందా?" అంది.